శనివారం సైరన్

ముందు వాసన వచ్చింది.

తడిసిన మట్టి వాసన కాదు. వేళ్లతో సహా పెకలించుకొచ్చిన చెట్ల పచ్చి వాసన. ఎక్కడో ఎగువన, ఎవరివో పొలాలు కడుపులో వేసుకుని నది దిగి వస్తోంది…

ఆనకట్ట మీది గదిలో గేటాయన కిటికీ తెరిచి ఆ వాసన పీల్చాడు. గేట్లు ఎత్తడం, దించడం ఆయన పని. అందుకే ఊరంతా గేటాయన అనే పిలుస్తుంది. తనతో పనిచేసే జతగాడు రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. మిగిలింది ఆయన, నది, మూలన చేత్తో తిప్పే పాత సైరన్.

ఇక్కడ చినుకు లేదు.

ఎండ ఒక్కటే వరదలా పారుతోంది, డాబాల మీద, రేకుల మీద, ఆరేసిన దుప్పట్ల మీద.

వరద.

ఎంత తేలిగ్గా వాడేస్తారు ఆ మాటని! రేడియోలో పరుగుల వరద. పేపర్లో హామీల వరద. బట్టల దుకాణం ముందు తగ్గింపుల వరద. పెళ్లయిన కొత్తలో కూతురు కూడా అంది, అత్తగారి మాటల వరదలో ఊపిరాడట్లేదని. ఆయన నవ్వాడు. నవ్వాడు గానీ, లోపల ఎక్కడో చివుక్కుమంది. అసలుదాన్ని కళ్లారా చూసినవాడు ఆ మాటను అంత తొందరగా నోటికెత్తుకోడు.

ఆయన చూశాడు. ఒకే ఒక్కసారి. కూతురు ఇంకా పుట్టలేదప్పుడు.

ఫోన్ మోగింది. ఇంజినీరు.

"ఇంక ఆగేది కాదు. సైరన్ వేసి, గేట్లన్నీ ఎత్తెయ్. ఆలస్యం చేస్తే కట్టే తెగిపోతుంది."

కట్ట తెగితే ఊరు ఊరంతా పోతుంది. గేట్లు ఎత్తితే దిగువ వీధి ఒక్కటే మునుగుతుంది. అందులో మనుషులు లేకపోతే పోయేదేమీ లేదు. గోడలు తడుస్తాయి, అంతే.

మనుషులు లేకపోతే.

ఆ వీధిలో చివరి ఇల్లు కూతురిది. చంకలో ఏడాది నిండని పిల్ల.

గేటాయన సైరన్ తిప్పాడు. మూడు కూతలు… పొడుగ్గా, ఖణేల్మని, పద్ధతి ప్రకారం. తిప్పి, కిటికీలోంచి కిందికి చూశాడు.

ఎవరూ కదల్లేదు.

ఒకావిడ బట్టలు ఆరేస్తూనే ఉంది. సైకిళ్లు బాగుచేసేవాడు మణికట్టు తిప్పి వాచీ చూసుకున్నాడు. పిల్లలు ఆనకట్ట వైపు తిరిగి చేతులూపారు. ప్రతి శనివారం ఊపినట్టే.

శనివారం!

ప్రతి శనివారం, పొద్దున సరిగ్గా ఈ వేళకే, ఆయన సైరన్ పనిచేస్తుందో లేదో చూస్తాడు. మూడు కూతలు. పరీక్షకి ఒక్క కూత చాలదా అని ఇంజినీరు అంటే, ఒప్పుకోలేదు. "పరీక్షంటే అసలుదానిలాగే ఉండాలి సార్" అన్నాడు. అన్నందుకు చాలాకాలం గర్వపడ్డాడు కూడా. వీధి దానికి ముసలమ్మ అని పేరు పెట్టుకుంది. ముసలమ్మ మూడుసార్లు దగ్గిందంటే టీ పెట్టుకునే వేళ.

ఒక్క వారం మానకుండా, తన చేత్తో తనే, వాళ్లకి భయపడకపోవడం నేర్పాడు.

మళ్లీ పిడి పట్టుకున్నాడు. ఈసారి మూడు కాదు. ఆపకుండా… ఆపకుండా… భుజం పీకుతున్నా, చెవులు చిల్లులు పడుతున్నా… పద్ధతి గంగలో కలిసినా సరే.

ఫోన్ మోగింది. ఒక చెయ్యి తిప్పుతుండగానే రెండో చేత్తో అందుకున్నాడు.

"ముసలమ్మకి ఇవాళ దగ్గు తగ్గట్లేదేంటి నాన్నా?"

కూతురు. నవ్వుతోంది.

దూరంగా కనిపిస్తోంది కూడా. చివరి ఇంటి డాబా మీద, చిటికెన వేలంత, చంకలో పిల్లతో.

చెప్పాల్సినవన్నీ ఒక్కసారిగా గొంతులోకి ముంచుకొచ్చాయి. "పరుగెత్తమ్మా! పిల్లనెత్తుకుని మెరక మీదికి పరుగెత్తు!"

"ఏంటి నాన్నా?"

"పరుగెత్తు!"

"ఒక్క ముక్క వినబడట్లేదు. ముందు దాన్ని ఆపు."

ఆపితే వినబడుతుంది. ఒక్క మాట చాలు… పిల్లనెత్తుకుని పరుగెడుతుంది, బతుకుతుంది. ఆపాలని చెయ్యి లాగుతోంది. తండ్రి చెయ్యి కదా.

కానీ కింద, బట్టలు ఆరేస్తున్నావిడ ఆగింది.

తలెత్తింది.

సైకిళ్లవాడు రోడ్డు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. ఒక తలుపు తెరుచుకుంది. ఇంకో తలుపు. ఎవరో పిల్లాణ్ని రెక్క పట్టుకుని లాక్కుపోతున్నారు. అనుమానం మొదలైంది. ఇంకా భయం కాలేదు.

ఇప్పుడు ఆపితే, హమ్మయ్య, అయిపోయింది అనుకుని అందరూ లోపలికి వెళ్లిపోతారు. చివరి ఇంట్లోంచి కూతురు ఎంత అరిచినా ఆ కేక ఎన్ని గడపలకి అందుతుంది? మళ్లీ మొదలుపెట్టి మళ్లీ నమ్మించడానికి వ్యవధి ఏది?

గేట్ల అంచు మీంచి నీళ్లు పల్చగా, నునుపుగా జారడం మొదలైంది.

ఆయన ఆపలేదు.

రిసీవరు పట్టుకున్న చేత్తోనే, వెళ్లు, వెళ్లు అని గాల్లో ఊపాడు. డాబా మీద చిన్న చెయ్యి ఒకటి లేచింది. పిల్ల చేతిని పట్టుకుని కూతురు తిరిగి ఊపుతోంది. తాతకి టాటా చెప్పిస్తోంది.

రిసీవరు మళ్లీ చెవికి ఆనించుకున్నాడు.

"సరేలే నాన్నా… నువ్వు ఆపేదాకా ఇక్కడే నిలబడి ఉంటాలే."