అనుమతి గల ఒకే ఒక్క పేరు

దోన్ అపారిసియో ఆదివారం మధ్యాహ్నం గుండె ఆగి పోయాడు. సోమవారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు ఆయన మరణ ధ్రువపత్రం, దాన్ని జారీ చేసిన ఉద్యోగిగా, ఆయన పేరు మీదనే అచ్చయింది. ప్వెర్తో కరాండా పట్టణపు జనన మరణాల నమోదు కార్యాలయంలో ఇది ఎవరికీ వింతగా తోచలేదు. పదకొండు నెలలుగా అక్కడ ప్రతి పత్రమూ ఆయన పేరు మీదనే అచ్చవుతోంది.

ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం పట్టే ప్రింటరు ఆ కార్యాలయానికి ఒక్కటే. ఐదు కంప్యూటర్లూ దానికే కలిపి ఉన్నాయి. దానికి పని పురమాయించే హక్కును మాత్రం రాజధాని ఒక్కరికే, గుమాస్తా అపారిసియోకే, ఇచ్చింది. కార్యాలయానికి ఒక అధీకృత వ్యక్తి చాలునని ఉత్తర్వు. ఆ ఉత్తర్వు రాసినవాడు ఎన్నడూ ఆ వరండాలో నిలబడినవాడు కాడు. అపారిసియోకు జ్వరం వస్తే, బిడ్డ పుట్టినవాడూ తండ్రి పోయినవాడూ అక్కడ పక్కపక్కనే నిలబడవలసి వచ్చేది. అది చూడలేక ఆయన తన పాస్‌వర్డును చీటీ మీద రాసి తెరెరె కూజాకు అంటించాడు. తెరెరె అనే ఆ చల్లని ఆకునీళ్ళు తాగే బుర్ర ఒక్కటే, పీల్చే గొట్టం ఒక్కటే. చేతులు మారుతూ అందరి నోటికీ అందుతుంది. పాస్‌వర్డు కూడా అలాగే చేతులు మారింది.

యంత్రాల సంగతి చూసే జునిల్దాకు ఇదంతా తెలుసు. మిగిలిన ముగ్గురు గుమాస్తాలకూ అనుమతి ఇమ్మని ఆమె రాజధానికి నాలుగు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు. నిజానికి అనుమతుల జాబితా తెరిచే అధికారం ఆమె చేతిలోనే ఉంది. కానీ కొత్త పేరు ఎవరు చేర్చారో కూడా ఆ జాబితా రాసిపెట్టుకుంటుంది. అందువల్ల ఆమె పేరు చేర్చలేదు, ఉత్తరాలు రాసింది.

పదకొండున్నరకు ఫోను మోగింది. అపారిసియో భార్య న్యా మార్సియానా. భర్త శవపేటికను పికప్ బండిలో పెట్టుకుని, పరాగ్వే నదికి అవతల ఉన్న స్వగ్రామానికి పొద్దున్నే బయలుదేరిందామె. మూడేళ్ళ వయసులో పోయిన కూతురు అక్కడ ఉంది. దాని పక్కనే తనను పెట్టమని ఆయన నలభై ఏళ్ళుగా చెబుతూ వచ్చాడు.

"జునిల్దా, తల్లీ, వంతెన దగ్గర ఆపేశారమ్మా. కాగితం చెల్లదంటున్నాడు పోలీసాయన. ఇదిగో, నువ్వే మాట్లాడు."

"ఏం సెన్యోరా," అన్నాడు పోలీసు, "మీ ఆఫీసులో పోయినవాళ్ళే వచ్చి పోయామని రాసిస్తారా? పైన పోయినాయన పేరు, కింద ఇచ్చినాయన పేరు ఒకటే. గుర్తింపు నంబరూ ఒకటే. తేదీ చూస్తే ఇవాళ్టిది. పెట్టెలో ఎవరున్నారనుకోమంటారు?"

"ఆయనేనండీ. నేను చెప్తున్నాగా."

"మీకు తెలుసు, ఆవిడకి తెలుసు. మా పై ఆఫీసరుకి కాగితమే తెలుసు. ఇంకో పేరుతో తెండి, వదిలేస్తా. ఈ ఎండలో ముసలావిణ్ణి నిలబెట్టడం నాకేమన్నా సరదానా?"

పత్రం అచ్చువేసిన గుమాస్తా ఒదిలోన్ తల పట్టుకున్నాడు. "కింద పేరు చూడనే లేదు జునిల్దా. రోజూ ఉండే పేరే కదా! ఆయనే ఉంటే నవ్వేవాడు. 'సోమరిపోతుల్లారా, ఈ పని కూడా నాచేతే చేయించారా' అనేవాడు."



జునిల్దా రాజధానికి ఫోను చేసింది.

"రాసి పంపండి సెన్యోరా," అంది అవతలి గొంతు. "అనుమతుల సంఘం గురువారం కూర్చుంటుంది."

"శవం ఎండలో ఉందండీ."

"అర్థమైంది. పైన 'అత్యవసరం' అని రాయండి."

ఆమె రాసింది. పైన 'అత్యవసరం' అని కూడా రాసింది. రాసి కూర్చుంది. జనవరి నెల, అక్కడ నడివేసవి; కిటికీ అవతల గాలి కూడా కదలడం మానేసింది. న్యా మార్సియానా పన్నెండింటికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి ఫోను చేసి, ఏమైనా తెలిసిందా తల్లీ అని అడిగింది. ఆ తరువాత చేయలేదు. రెండున్నరకు జునిల్దా జాబితా తెరిచి ఒదిలోన్ పేరు చేర్చింది. చేర్చినవారి గడిలో ఆమె పేరు దానంతట అదే వచ్చి కూర్చుంది. ప్రింటరు ఏ అభ్యంతరమూ చెప్పకుండా పత్రం ఇచ్చింది.

ఒదిలోన్ కారులో ఇద్దరూ అరవై కిలోమీటర్లు వెళ్ళారు. వంతెన దగ్గర పికప్ లేదు.

"రెండింటికే బండి వెనక్కి తిప్పుకున్నారు సెన్యోరా," పోలీసు టోపీ తీశాడు. "ఐసు అంతా కరిగిపోయింది. ఇక ఆగేలా లేదన్నారు."

దారిలో ఎర్రదుమ్ము లేపుకుంటూ ఎదురైన తెల్ల పికప్ బండి జునిల్దాకు అప్పుడు గుర్తుకొచ్చింది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి పట్టణపు శ్మశానంలో, ఎవరో పొరుగువారు అరువిచ్చిన గోడ సమాధి అరలో ఆయనను పెట్టేశారు. మేస్త్రీ పచ్చి సిమెంటు మీద తాపీ తిప్పుతున్నాడు. న్యా మార్సియానా మడత కుర్చీలో కూర్చుని ఉంది.

"ఐదేళ్ళ దాకా తియ్యనివ్వరట తల్లీ," అంది. "నాకు డెబ్బై నాలుగు."

జునిల్దా పత్రం అందించింది. ముసలామె కళ్ళజోడు తగిలించుకుని చివరిదాకా చదివింది.

"ఒదిలోన్ పేరుంది. రాజధానివాళ్ళు ఒప్పుకున్నారా?"

"లేదు న్యా మార్సియానా. నేనే చేర్చాను."

"ఎంతసేపు పట్టిందేమిటి?"

అబద్ధం ఆడదామనుకుంది జునిల్దా. ఆడటానికి వీలైన అబద్ధం ఏదీ దొరకలేదు.

"రెండు నిమిషాలు."

న్యా మార్సియానా తిట్టలేదు. పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి తిరిగి ఆమె చేతిలోనే ఉంచింది. కాసేపు మేస్త్రీ చేతులను చూసింది. ఆ తరువాత అరచేయి చాచింది.

"నీ ఫోను ఇటివ్వు తల్లీ. నాది చచ్చిపోయింది. మా మరిది కొడుకు పొద్దుట్నించీ గొయ్యి తవ్వించి కూర్చున్నాడు అక్కడ ఊళ్ళో. పూడ్చెయ్యమని చెప్పాలి."