ముఖం లేని తండ్రి

ఎల్బర్ట్ స్టోక్లీ ముప్పయ్యేళ్లు నాటకాలాడాడు. ఒహాయో నుంచి అయోవా దాకా రైలు ఆగిన ఊరల్లా అతను ఎక్కిన స్టేజీయే. అరవై దాటాక హాలీవుడ్ పిలిచింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కొడుకుని చూసి ఏడ్చే తండ్రి వేషం. అందులో అతని ముఖం ఒక్కటే తెరనిండా కనబడే ముక్క ఉంది. అది పండితే స్టూడియో ఉంచుకుంటుంది. లేకపోతే మళ్లీ రైళ్లూ, అద్దె గదులూ, చల్లారిన చిక్కుడు గింజలూ.

ముందు కొడుకు ముఖం తీశారు. కొడుకు వేషం డ్వైట్‌ది, కుర్ర హీరో. ఎల్బర్ట్ కెమెరా పక్కన, ఎవరికీ కనబడని చోట నిలబడి తండ్రి మాటలు అందించాలి.

"పెద్దాయనా, ఊరికే అనెయ్యి. ఏడుపు దాచుకో, నీ వంతు ఇంకా రాలేదు," అంది లోర్నా. మాటల కాగితాలు చూసుకునేది ఆవిడే.

"ఎదుటివాడు ఏడవాలని నిలబడితే నేను పొడిగా ఎట్లా అంటానమ్మా?"

సగం ఇచ్చి సగం దాచుకోవడం అతనికి చేతకాదు. "వచ్చావా నాయనా," అన్నాడు. గొంతు పగిలింది. డ్వైట్ కళ్లు వాటంతటవే నిండాయి. మళ్లీ మళ్లీ తీశారు. తీసిన ప్రతిసారీ ఎల్బర్ట్ ఉన్నదంతా ఇచ్చాడు.

"చంపేశావురా డ్వైట్!" అన్నాడు దర్శకుడు హార్కర్.

ఇక ఎల్బర్ట్ ముఖం తీయాలి. డ్వైట్ కోటు తొడుక్కున్నాడు. "తాతా, నాకు పార్టీ ఉంది. నా మాటలు లోర్నా చదువుద్దిలే."

"నీకోసం నేను నిలబడ్డాను గదా బాబూ. ఒకరికొకరు నిలబడడం మన పద్ధతి."

"అంతలా ఏడవమని నేనన్నానా?" నవ్వి, భుజం తట్టి వెళ్లిపోయాడు.

కొడుకు కళ్లు ఉండాల్సిన చోట ఒక కర్ర నిలబెట్టి, దానిమీద సుద్దముక్కతో గుర్తు పెట్టారు. "నాన్నా, నేనే," అని లోర్నా వాతావరణ వార్తలు చదివినట్టు చదివింది. ఎల్బర్ట్ సుద్ద గుర్తు వంక చూశాడు. తోడి తోడి అడుగంటిన బావిలో చేద వేసినట్టుంది. ఏమీ రాక, వెనక వరసకి కనబడేలా ముఖం పిండాడు.

"అయ్యా, ఇది స్టేజీ కాదు. తగ్గించండి," అన్నాడు దర్శకుడు.

తగ్గించాడు. తగ్గిస్తే ఏమీ మిగల్లేదు.

"సరే, చాలు," అన్నాడు హార్కర్, అటు తిరిగి. దీపాలు ఒక్కొక్కటే ఆర్పేశారు. స్టూడియో నుంచి మళ్లీ పిలుపు రాలేదు.

వసంతానికి ఎల్బర్ట్ పాత నాటక కంపెనీతో డెమోయిన్‌లో ఉన్నాడు. ఆ సినిమా మధ్యాహ్నం ఆటకి ఒక్కడే వెళ్లాడు. ఆ ముక్క వచ్చింది. తెరనిండా డ్వైట్ ముఖమే. తండ్రిది విడిగా దూరం నుంచి తీసిన వీపు, తెల్ల జుట్టు, అంతే. "వచ్చావా నాయనా," అంది గొంతు, కెమెరా పక్కన పగిలిన ఆ గొంతే. హాలంతా ముక్కులు ఎగబీల్చింది.

దీపాలు వెలిగాక పక్క సీటావిడ రుమాలు మడుస్తూ, "ఆ కుర్రాడు ఎంత బాగా ఏడ్చాడండీ!" అంది.

"బాగా ఏడ్చాడమ్మా," అన్నాడు ఎల్బర్ట్, తగ్గించకుండా, ఆ గొంతుతోనే.

ఆవిడ తల తిప్పి చూస్తుందేమోనని ఆగాడు. ఆవిడ సంచీ మూసుకుని, "దారివ్వండి, బస్సు పోతుంది," అంది.

ఎల్బర్ట్ మోకాళ్లు పక్కకి తిప్పుకున్నాడు.