వంటగట్టు మీద సేద్యం

బుక్కరాయసముద్రంలో బదరీనారాయణ అంగడికి పోతే రైతులకు బియ్యం, బెల్లం, సలహా మూడూ దొరుకుతాయి. మొదటి రెండింటికి తూకం ఉంది. మూడోదానికి లేదు.

ఆయనకు సెంటు భూమి లేదు. వాళ్ల నాయనకూ లేదు. అయినా ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అదే గల్లాపెట్టె వెనక కూర్చుని, ఎప్పుడు దున్నాలో, ఏ విత్తనం వెయ్యాలో, బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో రైతులకు చెప్పుకుంటూ వచ్చారు. వేరుశెనగ మూట అమ్మడానికి ఎవరైనా వస్తే బదరీనారాయణ ముందు మూటలో చెయ్యి పెడతాడు. పిడికెడు కాయలు మచ్చు తీస్తాడు. రెండు ఒలిచి నోట్లో వేసుకుని, మిగిలినవి పీట కింద గంపలో పడేస్తాడు. అప్పుడు సలహా మొదలవుతుంది. మచ్చు అంటే సరుకు ఎట్లా ఉందో చూడడానికి తీసే పిడికెడు. దాన్ని తూకంలో కలపరు, వెనక్కి ఇవ్వరు. ఇది ఆయన పెట్టిన పద్ధతి కాదు, వ్యాపారం పుట్టినప్పటినుంచీ ఉన్నదే. సాయంత్రానికి గంప నిండుతుంది. ఆ ఇంట్లో చట్నీకి వేరుశెనగ కొన్న గుర్తు ఎవరికీ లేదు.

ఒక మధ్యాహ్నం గార్లదిన్నె పక్క పల్లెనుంచి హనుమంతప్ప బెల్లం కోసం వచ్చాడు. టమోటా పండించే మనిషి. మాట తక్కువ.

"పూత రాలిపోతాంది సావుకారీ," అన్నాడు.

"రాలకేం చేస్తాది? విత్తేసి ఇంట్లో పండుకుంటే రాలతాది. చెట్టు పక్కన నిలబడి చూసుకోవల్ల. మనసు పెడితే పండనిది ఏముండాదప్పా? సేద్యం ఏమన్నా బ్రహ్మవిద్యనా?"

హనుమంతప్ప బెల్లం అచ్చు సంచిలో వేసుకుని, సంచి మూతి నిదానంగా ముడేశాడు.

"అట్లయితే నువ్వు ఒక పంట తీయి. చూస్తాం."

"నాకు భూమి యాడుండాది?"

ఆ మాటతో అయిపోవాల్సిందే. కానీ బెంగళూరులో ఉద్యోగం చేసే ఆయన కూతురు నిఖిత రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి, అంగడిలో ఫోను చూసుకుంటూ కూర్చుంది.

"భూమి ఎందుకు నాయనా? నా రూములో ఒక మిషను ఉండాది. మన్ను అక్కర్లేదు, నీళ్లలోనే పెరుగుతాయి. ఎండకు బదులు లైటు. వంటగట్టు మీద పెట్టుకోవచ్చు. రేగ్గాయంత టమోటాలు కాస్తాయి. నాకు టైము లేక ఊరికే పడుండాది, పంపిస్తా."

బియ్యం మూటల మీద కూర్చున్న వాళ్లంతా బదరీనారాయణ వైపు తిరిగారు. హనుమంతప్ప సంచి కింద పెట్టాడు.

"రేగ్గాయంతైనా టమోటా టమోటానే. పండించేది ఒకటే కాదు సావుకారీ. మండీకి తెచ్చి, వేలంపాటలో పెట్టి అమ్మల్ల. అమ్మినావంటే ఇంగ నువ్వు చెప్పినట్ల వింటా. నిలబడమన్న చోట నిలబడతా. అమ్మలేకపోతే మాత్రం సేద్యం మాట ఎత్తగూడదు. ఉప్పూ పప్పూ తూచి గమ్మునుండల్ల."

"సరేలేప్పా," అన్నాడు బదరీనారాయణ. ఒప్పుకున్నది ఏమిటో అన్నం తినేటప్పుడు అర్థమైంది. తూచడం ఆయనకు పని. చెప్పడం ఆయనకు బతుకు. గల్లాపెట్టె వెనక పొద్దుగూకులూ కూర్చుని, ఎదురుగా రైతు నిలబడి ఉంటే, నోరు మూసుకోవడం ఎట్లాగో ఆయన ఎప్పుడూ నేర్చుకోలేదు. ముద్ద చేతిలోనే ఆరిపోయింది.

మిషను వచ్చింది. తెల్లటి పెట్టె, లోపల నీళ్లు, పైన బొక్కలు, బొక్కల్లో విత్తనం దాచిన ఉండలు. పైన చేయి చాపినట్టు ఒక దీపం. నీళ్లు తగ్గితే ఎర్ర బల్బు మినుకుతుంది. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుందని నిఖిత చెప్పింది కాబట్టి తాగే నీళ్ల క్యాన్లు తెప్పించాడు. అది పెట్టడానికి గట్టు మీది మిక్సీ తీసి కింద ముక్కాలిపీట మీద పెట్టాడు.

"మిక్సీ ఆడ పెడితే నేను వంగి నూరుకోవల్లనా?" అంది భార్య పద్మావతమ్మ.

"కొన్నాళ్లు ఓర్చుకో. గట్టు మీదుంటే అదురుతాది. చెట్టుకు అదురు పనికిరాదు."

"ఎవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పేదేముండాది? తెలిసిందే కదా."

మొలకలు వచ్చాయి. మొక్కలు దీపాన్ని అందుకున్నాయి. హనుమంతప్ప సరుకులకు వచ్చినప్పుడు అంగడి వెనకే ఉన్న వంటింటి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చి చూశాడు. పెట్టె చుట్టూ తిరగబోయాడు గానీ అవతల గోడ ఉంది.

"కరెంటు పోతే?"

"ఇన్వర్టరు ఉండాది."

"పురుగు పడితే?"

"కిటికీ తీయనియ్యను. ఈగ కూడా రాదు."

"నీళ్లు?"

"క్యాను."

హనుమంతప్ప తల ఊపాడు. "మా చేన్లో ఇవి మూడూ లేవు," అని చెప్పులేసుకుని పోయాడు.

పసుపుపచ్చ పూలు పూసినప్పుడు బదరీనారాయణ వీధిలో అందరికీ చూపించాడు. చూసినవాళ్లు బాగుందన్నారు. మర్నాటినుంచి పూలు ఒక్కొక్కటే కాడ దగ్గర వాడి, గట్టు మీద రాలడం మొదలైంది. ఆయన వాటిని ఎవరూ చూడకుండా ఏరి జేబులో వేసుకున్నాడు. చొక్కా ఉతికేటప్పుడు పద్మావతమ్మ చూసింది.

హనుమంతప్ప మళ్లీ వచ్చాడు.

"ఏం సావుకారీ, పక్కన నిలబడతాండావా?"

"పొద్దున, సాయంత్రం నిలబడతాండా."

"మనసు పెడతాండావా?"

"పెడతాండా."

"ఆఁ," అన్నాడు హనుమంతప్ప. కందిపప్పు తీసుకుని పోయాడు.

దిష్టి తగిలిందని బదరీనారాయణకు తేలిపోయింది. ఇన్ని కళ్లు పడితే తగలదా? శనివారం అంగడికి కట్టే నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ ఇంకొకటి కొని మిషను దీపానికి వేలాడదీశాడు. వీధి జనాన్ని వంటింట్లోకి రానివ్వడం మానేశాడు. అదే వారం పద్మావతమ్మ నడుం పట్టుకుని లేచి, ముక్కాలిపీట మీది మిక్సీని ఎత్తి మళ్లీ గట్టు మీద, మొక్కల పక్కనే పెట్టింది.

"అదురుతాది అంటి కదా," అన్నాడు ఆయన.

"అదరనీ. మీ టమోటాలు ఎప్పుడు వస్తాయో తెలీదు, చట్నీ మాత్రం దినామూ కావల్ల."

ఆ ఇంట్లో చట్నీ అంటే గంపలోని మచ్చు కాయలే. పొద్దున్నే మిక్సీ తిరిగితే నల్లరాతి గట్టు అదిరేది, పెట్టె అదిరేది, పూలు వణికేవి, నిమ్మకాయ ఊగేది. వారం తిరక్కుండానే రాలని పూల వెనక శెనగగింజంత పచ్చటి కాయ కనబడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత గుత్తి.

నిఖిత ఫోనులో విని చెప్పింది. "నాయనా, కిటికీ మూసేస్తే గాలీ రాదు, తేనెటీగా రాదు. పూవు కదిలితేనే లోపల పొడి రాలి కాయ కడతాది. నేనే చెప్పడం మర్చిపోయినా. అమ్మ మిక్సీ వల్లే నీకు కాపు పట్టింది."

"అట్లనా," అన్నాడు బదరీనారాయణ. శనివారం పాత నిమ్మకాయ తీసి ఇంకొంచెం పెద్దది కట్టాడు. అయితే ఆ మధ్యాహ్నం, చారుతో తినడానికి కూర్చుని కూడా, "కొంచెం చట్నీ నూరరాదా," అని అడిగాడు.

కాయలు ఎర్రబారాయి. ఇంట్లో ఒక్కటి కూడా తిననివ్వలేదు. అన్నీ ఒకేసారి కోసి, తడిగుడ్డతో తుడిచి, స్టీలు డబ్బాలో దూది పరిచి పేర్చాడు. డబ్బా నిండేంత అయ్యాయి. మర్నాడు తెల్లవారి హనుమంతప్ప టమోటా బాక్సులు ఎక్కించిన ట్రాలీ ఆటో ఇంటిముందు ఆగింది. బదరీనారాయణ ఉతికిన పంచె కట్టుకుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, బాక్సుల మధ్య కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా డబ్బాను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.

మండీలో ఎవరి సరుకు వాళ్లు లాటుగా వరసలో పేర్చుకున్నారు. హనుమంతప్ప బాక్సులు గోడలాగా నిలబెట్టాడు. వాటి పక్కన బదరీనారాయణ నేల మీద తన డబ్బా పెట్టి, మూత తీశాడు. అటువైపు రైతు ఒకసారి చూసి, తన బాక్సులు కొంచెం జరుపుకున్నాడు, దారి కావాలేమోనని.

పాట పాడే తిప్పేష్ భుజాన తువ్వాలుతో వచ్చాడు. వెనక కొనేవాళ్లు గుంపుగా, వాళ్ల వెనక గంపతో ఒక హమాలీ. ముందు హనుమంతప్ప లాటు దగ్గర ఆగారు. ఒక్కొక్కరూ బాక్సులో చెయ్యి పెట్టి రెండేసి పండ్లు తీసి నొక్కి చూశారు, ఒకరు కొరికి చూశారు. చూసినవి హమాలీ గంపలో పడ్డాయి. ఆ గంపను ఎక్కడో చూసినట్టు అనిపించింది బదరీనారాయణకు. హనుమంతప్ప అటు చూడను కూడా లేదు. పాట అయింది. ధర ఎట్లా పలికిందో హనుమంతప్ప ముఖంలో తెలియలేదు, ఎప్పుడూ తెలియదు.

"ఈ లాటు ఎవరిది?" అన్నాడు తిప్పేష్.

"నాది," అన్నాడు బదరీనారాయణ.

తిప్పేష్ ఆ మండీలో చాలా చూసినవాడు. డబ్బా చూశాడు, మనిషిని చూశాడు, నవ్వలేదు. "చూడండప్పా," అన్నాడు కొనేవాళ్లతో.

వాళ్లు వంగారు. ఒకడు ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. "తియ్యగుండాదే." దానితో పక్కవాడు రెండు తీశాడు. "ద్రాక్ష మాదిరుండాది." ఇంకొకడు వాటికి మందు ఏం కొట్టినావని అడిగాడు. బదరీనారాయణకు కడుపు నిండిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయన పండించినదాన్ని నలుగురు బాగుందంటున్నారు. డబ్బాను చేతుల్లోకి తీసుకుని, వెనకనున్నవాళ్లకు అందేట్టు చాపాడు. మందు లేదని, క్యాన్ నీళ్లని, పూవు కదలాలని, అసలు కిటికీ గురించి రైతులు తెలుసుకోవాల్సింది చాలా ఉందని చెబుతూ పోయాడు. వాళ్లు వింటూ తిన్నారు. హమాలీ కూడా ఒకటి తిన్నాడు.

తిప్పేష్ పాట మొదలుపెట్టడానికి చెయ్యెత్తి, డబ్బాలోకి చూసి, చెయ్యి దించాడు. దూదిలో ఒక్క కాయ ఉంది. దానికి పక్కన చీలిక.

"లాటు యాడ సావుకారీ?"

"మీరే తింటిరి కదప్పా."

"అది మచ్చు. లాటు చూపించు."

"అంతా మచ్చుకే పాయె."

"మచ్చుకు లెక్కుండదు. అంగడి పెట్టుకున్నోనివి, నీకు తెలీనిదేముండాది?" తిప్పేష్ మాటలో ఎగతాళి లేదు. మిగిలిన కాయ తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. "పగిలినేది పాటకు పెట్టగూడదు," అని అలవాటు కొద్దీ నోట్లో వేసుకుని, తరవాతి లాటుకు నడిచాడు. గుంపు ఆయన వెనకే పోయింది.

తిరుగు దారిలో ట్రాలీ ఖాళీ. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. డబ్బా మూత గలగలమంటోంది.

"బాగనే పండించినావు," అన్నాడు హనుమంతప్ప.

బదరీనారాయణ నోరు తెరిచి, ఒప్పందం గుర్తొచ్చి, మూసుకున్నాడు.

ఆ రోజునుంచి అంగడిలో తూకం రాళ్ల చప్పుడు తప్ప ఇంకోటి లేదు. రైతులు వచ్చి, కావలసింది అడిగి, కాసేపు అలవాటుగా నిలబడి, ఏమీ వినపడక వెళ్లిపోయేవాళ్లు. ముంగారు వానలు, విత్తే కాలం దగ్గరకొస్తున్నాయి. విత్తనం మాట ఎత్తితే బదరీనారాయణ పప్పు డబ్బాల వైపు చూసేవాడు. ఇంట్లోకి వచ్చాక కూడా మాట్లాడేవాడు కాదు. పద్మావతమ్మ రెండు రోజులు హాయిగా ఉండి, మూడో రోజు నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసింది.

బోరు కింద పండించిన వేరుశెనగ మూట తీసుకుని నల్లప్ప అనే రైతు వచ్చాడు. బదరీనారాయణ మూటలో చెయ్యి పెట్టి పిడికెడు తీశాడు. ఒకటి ఒలిచి నమిలాడు. గంప వైపు పోతున్న చెయ్యి మధ్యలో ఆగింది. మిగిలిన కాయలు మూటలోనే వేసేశాడు.

నల్లప్ప ముఖం మాడిపోయింది. "ఏం సావుకారీ, పుచ్చులుండాయా?"

"లేదప్పా. బాగుండాయి."

"బాగుంటే శెనక్కాయలు ఎనక్కి ఎందుకేసినావు? నాకు తెలీదా? సరుకు వద్దనుకుంటేనే ఎనక్కేస్తారు."

ఎంత చెప్పినా నమ్మలేదు. తానే వంగి దోసెడు కాయలు తీసి గంపలో పోశాడు. చాలదని ఇంకో దోసెడు పోశాడు. అప్పటికి గానీ తేరుకోలేదు. తేరుకుని అడిగాడు, "ఈ తూరి ఏం విత్తల్ల సావుకారీ?"

బదరీనారాయణ పప్పు డబ్బాల వైపు చూశాడు.

సాయంత్రానికి ఊర్లో తెలిసిపోయింది. సావుకారి మచ్చు వద్దంటున్నాడు, విత్తనం గురించి అడిగితే ముఖం తిప్పుకుంటున్నాడు, ఈ ఏడు వానల గురించి ఏదో తెలిసే దాస్తున్నాడు. కొందరు ఆయన అంగడిలో విత్తనం కొనడం ఆపేశారు. మరుసటి రోజు పొద్దున్నే హనుమంతప్ప, నల్లప్ప ఇద్దరూ అంగడి మెట్లు ఎక్కారు.

"సావుకారీ, పందెం పోయింది పో," అన్నాడు హనుమంతప్ప. "నువ్వు గమ్మునుంటే జనం భయపడతాండారు. ఏదో ఒకటి చెప్పు."

"మాట మాటే కదప్పా. అమ్మలేకపోతి."

"చెప్పు అంటాండాను కదా. మేము చేసేదేమీ లేదులే. ఊరికే చెప్పు."

బదరీనారాయణ గల్లాపెట్టె మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఇన్నేండ్లలో నేను చెప్పినట్ల ఎవరూ చేయలేదా?"

హనుమంతప్ప నిజాయితీగా ఆలోచించాడు. "మీ నాయన చెప్పినట్ల మా నాయన ఒక తూరి చేసినాడంట."

"ఏమాయె?"

"ఆ తూరి నుంచే మేము చేయం."

వంటింట్లోంచి మిక్సీ తిరుగుతున్న చప్పుడు వచ్చింది. గట్టు మీద మళ్లీ పూత పట్టిందని పొద్దున పద్మావతమ్మ చెప్పింది. బదరీనారాయణ గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఈ తూరి కందులు వెయ్యండప్పా," అన్నాడు. "చాళ్లు దూరం పెట్టండి. పక్కన నిలబడి చూసుకోవల్ల. గాలి ఆడల్ల, గాలి ఆడకపోతే పూత నిలబడదు. చేన్లో మిక్సీ పెట్టుకోలేరు కదా."

నల్లప్ప అంతా శ్రద్ధగా విన్నాడు. ముఖం తేటపడింది.

"అమ్మయ్య," అన్నాడు. "అయితే శెనక్కాయ విత్తనం తూచు సావుకారీ."