కొమోరా అడ్డకాలువ

నది తనంతట తాను పోలేదు, కొమోరా తోలుకుపోయాడు అని పక్కింటి హవాయో బావి దగ్గర అన్నదట. బావిలో బురద తేలుతున్న రోజులు కాబట్టి ఎవరూ కాదనలేదట. కొమోరా చెవిన పడేసరికి ఆ మాటకు తోక కూడా మొలిచింది: పొలం కోసమే చేశాడని.

పొలం కలిసొచ్చిన మాట అబద్ధం కాదు. కెన్యాలో టానా నది ఒడ్డున పొకొమో తెగ వాళ్ళ భూములన్నీ నీటి అంచు నుంచి అడవి దాకా సన్నటి పట్టీలు. నీరు తగిలేవాడికే పంట. ఊరి చుట్టూ కొడవలిలా తిరిగే నది మొన్నటి వరదకు ఆ వంపును వదిలేసి, కొమోరా పట్టీని చీల్చుకుని నేరుగా పోయింది. ఇప్పుడు రెండు గట్లూ అతనివే. ఊరి ముందు మిగిలింది ఎండుతున్న మడుగు, అందులో నోళ్ళు తెరిచిన జెల్ల చేపలు, ఒడ్డున అతని భార్య హబోనా సమాధి.

ఆ దారి తవ్వింది అతనే. నొప్పులు పడుతున్న హబోనాను పడవలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, వంపు తిరిగేలోపే పోయింది. ఆ ఎండాకాలమంతా వంపు రెండు కొసలూ దగ్గరపడే మెడ దగ్గర, తన పట్టీలోనే, పడవ పట్టేంత అడ్డకాలువ తవ్వాడు. ఊరంతా వాడుకుంది. ఏటా వరదకు ముందు, నది అందులోకి దూరకుండా అరటి బోదెలూ బంకమన్నూ పెట్టి దాని మూతి కట్టేదీ అతనే. ఈ ఏడు మోకాళ్ళు లేవలేదు. ఎవరో ఒకరు కట్టే ఉంటారులే అనుకున్నాడు. కొమోరా కట్టే ఉంటాడులే అని ఊరు అనుకుంది.

పెద్దలు కూర్చున్నారు. అందరిలో పెద్ద జిల్లో గొంతు సవరించుకున్నాడు.

"ఊరు కొత్త గట్టుకు పోవాలి కొమోరా. గట్టు నీది. ఏమంటావ్?"

"అనేదేముంది. తలా ఒక పట్టీ తీసుకోండి."

"ముందు నదిని దొంగిలించి, ఇప్పుడు దానం," అంది హవాయో. "కొమోరా మామది ఎంత పెద్ద చెయ్యో."

ఆమె కొడుకు వేళకు ఆసుపత్రి చేరి బతికి బయటపడింది ఆ కాలువ పుణ్యానే. ఆ రోజు గడ వేసింది కొమోరానే.

"మరి నువ్వెక్కడ దిగుతావ్?" జిల్లో అడిగాడు.

"నేను రాను. హబోనా ఇక్కడుంది. దాని పక్కనే పోతాను. రోజూ ఒక కుండ నీళ్ళు తెచ్చిపెడితే చాలు, ఎవరైనా."

అందరూ మడుగు వైపు చూశారు.

"మోసేది ఆడవాళ్ళమేగా," అంది హవాయో. "నేనైతే మొయ్యను."