అత్తగారి దిండు, పిట్ట చెవి

కోడలి కూతురు పిట్టకి మళ్లీ చెవిపోటు వచ్చింది. చలి మొదలైనప్పటినుంచీ ఇదే తంతు: ముక్కు కారడం, పోటు, జ్వరం, మందులు, నాలుగు రోజుల ఊరట, మళ్లీ మొదటికి. ఈమధ్య పిలిస్తే పలకడం కూడా మానేసింది. నాలుగేళ్లకే ఎంత పొగరో అనుకుని, ఇంటిల్లిపాదీ కేకలేసి పిలవడం అలవాటు చేసుకున్నారు.

పోటు వచ్చినప్పుడల్లా అత్తగారు తన దిండు తెచ్చి, నొప్పి చెవి దానికి ఆన్చి మనవరాల్ని పడుకోబెట్టేవారు. అది ఆవిడ పెళ్లినాటి దిండు. ఏటా కొత్త గలీబు తొడిగేవారే తప్ప లోపలి దూది మార్చింది లేదు. గట్టిపడుతుందని ఎండలోనూ వేయనిచ్చేవారు కాదు. ఇంట్లో అందరికన్నా సీనియరు ఆ దిండేనని కోడలి అభిప్రాయం. పైకి అనలేదు. పిల్ల దానిమీద హాయిగా నిద్రపోయేది మరి.

ఈసారి అత్తాకోడళ్లిద్దరూ పిల్లని చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ సన్నటి కెమెరా పిట్ట చెవిలో పెట్టి గోడమీది తెర చూడమన్నారు. చెవిలో గులిమి తప్ప మరేమీ ఉండదనుకుంటూ బతికిన కోడలి కళ్లముందు చందమామ ఉదయించింది. పల్చటి పొర, దాని వెనక తేనెరంగు నీళ్లు, నీళ్లలో బుడగలు. పిట్ట తల కదిపితే బుడగలూ కదిలాయి. ఇన్నాళ్లూ పిల్ల తమ మాటల్ని బావి అడుగునుంచి విన్నట్టు వింటోంది. పొగరు కాదు.

నీళ్లు తగ్గకపోతే మత్తిచ్చి, పొరకి చిల్లు చేసి, చిన్న గొట్టం పెట్టాల్సి వస్తుందన్నారు డాక్టరమ్మ. ముందు ఒంటికి ఏది పడట్లేదో చూడ్డానికి, పిల్ల చేతిమీద దుమ్మూ పుప్పొడీ లాంటివాటి చుక్కలు వేసి సూదితో తాకించారు. కాసేపటికి మిగతావన్నీ ఊరుకున్నాయి. ఇంటి దుమ్ము చుక్క మాత్రం చూస్తుండగానే దోమకాటులా పొంగి ఎర్రబడింది.

"ఒంట్లో బలం చాలట్లేదేమోనమ్మా," అన్నారు అత్తగారు.

"లేదండీ, కాపలా ఎక్కువైంది. దుమ్ములో కంటికి కనబడని పురుగులుంటాయి. వాటి మురికి ఏమీ చెయ్యదు, కానీ ఈ పాప ఒళ్లు దాన్ని శత్రువనుకుని మీద పడుతోంది. ఆ గొడవకి ముక్కు వెనకనుంచి చెవికి గాలి తీసుకెళ్లే దారి వాచి మూసుకుపోతోంది. గాలి ఆడకపోతే లోపల నీరూరుతుంది. నీరు నిలిచిన చోట క్రిములు చేరతాయి. ఇంతకీ దేనిమీద పడుకుంటుంది?"

ఆరేళ్ల కాపురంలో కోడలికి ఇంత మంచి అవకాశం ఎప్పుడూ రాలేదు. నోరు తెరిచింది. అత్తగారి ముఖం చూసి మూసేసింది. ఆవిడ ఆ ఎర్రటి చుక్కనే చూస్తున్నారు, తన చేతులతో తనే పెట్టినట్టు.

"నా దిండు మీద," అన్నారు.

ఇంటికి రాగానే దిండుని గోనెసంచిలో కట్టి, ఆవిడే స్వయంగా చెత్తబండికి ఎక్కించారు. దుప్పట్లు మరిగే నీళ్లలో ఉతికించారు. డాక్టరమ్మ రాసిచ్చిన మందు రోజూ పొద్దున్నే పిల్ల ముక్కులో కొట్టే పనీ తనదేనన్నారు.

చలికాలం చివర మళ్లీ ఆ తెర ముందు కూర్చున్నారు. నీళ్లు లేవు. పొర ముత్యంలా మెరుస్తోంది, దానికి ఆనుకుని చిటికెడంత ఎముక. గొట్టం అక్కర్లేదన్నారు డాక్టరమ్మ. ముక్కు పట్టుకుని గుటక వెయ్యమంటే పిట్ట వేసింది. పొర ఊపిరి పీల్చినట్టు కదిలింది.

అత్తగారు కళ్లద్దాలు సవరించుకుని తెర దగ్గరికి జరిగారు.

"ఇంత పల్చటిదాని మీదా మనం ఇన్నాళ్లూ అరిచింది?"

తిరుగు బస్సులో, పిల్లకి ఎత్తు దిండు కావాలని ఆవిడా, అసలు దిండే వద్దని కోడలూ పోట్లాడుకున్నారు, గుసగుసగా. మధ్యలో కూర్చున్న పిట్ట ఒక్కో మాటకీ అటోసారి ఇటోసారి తల తిప్పుతోంది.