పందిని కోసిన రోజు జోవెలిన్ ప్రయాణం

పంది మెడలో కత్తి దిగగానే అది పెట్టిన కేకకి ఫెలిసా కళ్ళు గట్టిగా మూసుకుంది. చేతిలో తెడ్డు మాత్రం ఆపలేదు. గాటులోంచి ధారగా గిన్నెలో పడుతున్న నెత్తురులో వెనిగర్ పోసి తిప్పుతూనే ఉండాలి, లేకపోతే గడ్డ కట్టేస్తుంది. గడ్డ కట్టిన నెత్తురు కూరకి పనికిరాదు. రేపు బోయెట్ కూతురి బాప్తిస్మం విందులో ఆ నల్లకూర లేకపోతే విన్నిపెగ్‌లో ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్ళంతా ఏడాది పొడుగునా చెప్పుకుంటారు.

కత్తి పట్టింది ఫెలిసా కొడుకు ఎల్మెర్. మాంసం ఫ్యాక్టరీలో పని వాడిది. వాడు కత్తి దింపితే పంది రెండోసారి అరవదని పేరు. ఇవాళ అరిచింది. రెండోసారి పొడవాల్సి వచ్చింది. కాళ్ళు పట్టుకున్న స్నేహితుడు బోయెట్ మొహం మీద నెత్తురు చిమ్మింది.

"ఏరా, ముసలాడివైపోయావా? పంది నిన్నే తంతోంది!" అన్నాడు బోయెట్ మొహం తుడుచుకుంటూ. "మీ ఆవిడ కూడా ఇలాగే తంతుందా ఏంటి?"

"తన్నదు. అలవాటు తప్పించా," అన్నాడు ఎల్మెర్.

మగాళ్ళు నవ్వారు. ఫెలిసా నవ్వలేదు. పొద్దున్నించీ వాడు బీరు తాగుతూనే ఉన్నాడు. తాగినా తాగకపోయినా వాడి నవ్వు ఎప్పుడు ఆగుతుందో ఆమెకి తెలుసు. వాడి నాన్న నవ్వూ అలాగే ఆగేది.

ఊరవతలి ఆ కొట్టం గోడ పక్కన గ్యాసు పొయ్యి మీద పెద్ద డ్రమ్ములో నీళ్ళు సలసలా కాగుతున్నాయి. పంది బొచ్చు గీకడానికి. ఆ డ్రమ్ము దగ్గర నించుంది కోడలు జోవెలిన్. చలికి కాదు, మణికట్టు మీద వేళ్ళ గుర్తులు కనపడకుండా స్వెట్టరు చేతులు వేళ్ళ దాకా లాక్కుంది. ఫెలిసా తలెత్తి ఆ పిల్లని చూసి మళ్ళీ నెత్తుర్లోకి చూసుకుంది. ఇంకొన్ని గంటలు. సాయంత్రం దాకా ఏమీ జరక్కుండా ఉంటే చాలు. తల్లీ మేరీ మాతా, ఏమీ జరగనీకు.

సాయంత్రం జోవెలిన్ విమానం ఎక్కాలి.

స్వదేశంలో, ఇలోయిలో ఊళ్ళో జోవెలిన్‌కి ఆరేళ్ళ కూతురుంది, మికా. మొదటి మనిషి వదిలేసి పోతే ఆ పిల్లని తన మేనత్త దగ్గర ఉంచి ఈ దేశం వచ్చింది. ఎల్మెర్‌ని పెళ్ళాడింది. భార్యనీ, పిల్లనీ ఇక్కడ స్థిరంగా ఉంచుకుంటానని ఎల్మెర్ పూచీ సంతకం పెట్టి కాగితాలు పంపాడు. అవి ఇంకా తేలలేదు. ఈలోపు మికాకి డెంగీ వచ్చింది. రక్తంలో కణాలు పడిపోతున్నాయని, ముక్కులోంచి నెత్తురు కారుతోందని, అమ్మా అమ్మా అంటోందని ముసలి మేనత్త ఆసుపత్రి వరండాలోంచి ఫోను చేసి ఏడ్చింది.

"నేను వెళ్తా," అంది జోవెలిన్ ఆ రాత్రి.

"వెళ్ళు," అన్నాడు ఎల్మెర్. ఆ తర్వాత ఆమె చెయ్యి పట్టి వెనక్కి మెలిపెట్టాడు. "కాగితాలు నడుస్తుండగా గడప దాటావనుకో, పూచీ వెనక్కి తీసుకుంటా. ఉత్తరం రాసి పెట్టుకున్నా. ఫోన్లో ఒక్క నొక్కు. నీకూ నీ పిల్లకీ ఈ దేశం మొహం మళ్ళీ కనపడదు."

పక్కగదిలో ఫెలిసా దిండు నోట్లో కుక్కుకుని వింది.

కాగితాల పని తెలిసినావిడ చర్చి కింద గదిలో కూర్చుంటుంది. ఫెలిసా వెళ్ళి అడిగింది. "వెళ్ళకూడదని ఎక్కడా లేదమ్మా," అందావిడ. "కానీ ఇది దేశం లోపలుండి పెట్టుకున్న దరఖాస్తు. తిరిగొచ్చేటప్పుడు గుమ్మంలో ఆపేశారంటే ఆ దరఖాస్తు పోయినట్టే. అబ్బాయి పూచీ ఉన్నంతసేపే ఏదైనా." ఫెలిసా ఇంటికొచ్చే దారంతా చెడే ఊహించుకుంది. వెళ్తే గుమ్మంలో ఆపేస్తారు. వెళ్ళకపోతే పిల్ల చచ్చిపోతుంది. పిల్ల చచ్చిపోతే ఈ పిల్ల ఉరేసుకుంటుంది. ఉరేసుకుంటే తన కొడుకుని జైల్లో పెడతారు. ఎటు తిప్పినా శవమే కనపడింది ఆమెకి.

చివరికి టికెట్ తనే కొంది. కొడుకు సొరుగులోంచి జోవెలిన్ పాస్‌పోర్టు తీసి గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకుంది. పంది కోత అయ్యాక మగాళ్ళు ఎలాగూ బోయెట్ ఇంట్లో తాగుతారు, ఆడవాళ్ళం కూర వండుకోవడానికి పోతున్నామని చెప్పి బయటపడదామనుకుంది. పిల్లకి నయమవగానే జోవెలిన్ వచ్చేస్తుంది. బ్రాండన్ ఊళ్ళో చుట్టాలింటికి వెళ్ళిందని ఎలాగో సర్దిచెప్పుకోవచ్చు.

ఒక్కటే తప్పు చేసింది. ఊరికి వెళ్ళేవాళ్ళుంటే పక్కవాళ్ళని "ఏమైనా పంపిస్తారా?" అని అడక్కుండా ఉండటం ఆమెకి చేతకాదు. ఆమెకే కాదు, వాళ్ళలో ఎవరికీ చేతకాదు. చావు కబురు విని పరిగెత్తేవాడి సంచిలో కూడా ఇంకొకరి సబ్బులుంటాయి. చర్చి మెట్ల మీద స్నేహితురాలు కొన్సింగ్ కనపడగానే ఫెలిసా నోరు దానంతట అదే అడిగేసింది. అడిగాక ఇది రహస్యం అని చెప్పాలి. ఎలా చెప్తుంది? నా కొడుకు కోడల్ని కొడతాడు అని ఏ నోటితో చెప్తుంది? చెప్పలేదు.

పంది తన్నుకోవడం ఆగింది. మగాళ్ళు దాన్ని చెక్కబల్ల మీదికి ఎత్తారు. జోవెలిన్ పొడుగుపిడి డబ్బాతో వేడినీళ్ళు తెచ్చి పోస్తుంటే ఎల్మెర్ కత్తితో బొచ్చు గీకుతున్నాడు. అప్పుడు మట్టిదారిలో వ్యాను వచ్చి ఆగింది. ఎర్రకోటు వేసుకున్న కొన్సింగ్ దిగింది, రెండు చేతులా మూటలు.

ఫెలిసా చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"హమ్మయ్య, అందుకున్నా!" అని దూరం నించే కేకేసింది కొన్సింగ్. "జోవెలినూ, ఇదిగో తల్లీ, మా చెల్లెలికి. సబ్బులు, చాక్లెట్లు, నడుంనొప్పి తైలం. బరువేం లేదులే. విమానం ఎన్నింటికి? మీ పిల్లకి ఎలా ఉంది పాపం?"

డ్రమ్ములో నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి.

ఎల్మెర్ గీకడం ఆపాడు. నవ్వుతూనే తలెత్తాడు. "ఏ విమానం, అత్తా?"

కొన్సింగ్ అందరి మొహాలూ చూసింది. మూటలు పొట్టకి హత్తుకుంది. "అయ్యో, నేను... ఫెలిసా వదినే కదా..."

నవ్వు ఆగిపోయింది.

ఎల్మెర్ కత్తి బల్లలో గుచ్చాడు. రెండడుగుల్లో జోవెలిన్‌ని అందుకుని జుట్టు పట్టి లాగాడు. ఆమె చేతిలో డబ్బా ఎగిరి దూరంగా పడింది. ఒక్క దెబ్బకి ఆమె తల బల్ల అంచుకి తగిలింది. పెదవి చిట్లింది. రెండో దెబ్బకి కింద పడింది. పడ్డదాన్ని బూటుతో తన్నాడు, పక్కటెముకల మీద. పందిని తన్నినట్టు కూడా కాదు. పందికైనా ముందు మెడ మీద చెయ్యి వేసి నిమురుతాడు వాడు.

"ఎవడితో పోతున్నావే? ఎవడు కొన్నాడు టికెట్టు?"

"మికా..." అంది జోవెలిన్. నోట్లో నెత్తురుతో మాట సరిగ్గా రాలేదు. "మికా చచ్చిపోతోంది..."

"చావనీ!"

ఫెలిసా లేవబోయి నెత్తురు గిన్నె తన్నేసింది. ఎర్రగా గడ్డిమీద పారింది. "బోయెట్! పట్టుకో వాణ్ణి! నీకు దండం పెడతా నాయనా!"

బోయెట్ ఒకడుగు వేసి ఆగాడు. "ఎల్మెర్, ఇక చాలులేరా," అన్నాడు నీరసంగా. తర్వాత ఫెలిసా వైపు తిరిగి, "మొగుడూ పెళ్ళాల మధ్య మనమేం దూరతాం పిన్నీ?" అన్నాడు. మిగతా వాళ్ళు పంది వంక చూస్తూ నించున్నారు.

"టికెట్టు నేనే కొన్నానురా! నన్ను కొట్టు!" అని ఫెలిసా వాడి చొక్కా పట్టుకుంది. వాడు మోచేత్తో వెనక్కి విసిరాడు. ఆ మోచెయ్యి ఆమె చెంపకి తగిలి కళ్ళముందు తెల్లగా అయిపోయింది. తెలివి వచ్చేసరికి గడ్డిమీద కూర్చునుంది. ఎల్మెర్ ఒక మోకాలు జోవెలిన్ వీపు మీద పెట్టి కుడిచేత్తో ఫోను తీశాడు.

"చూడవే. నీ కళ్ళతోనే చూడు. ఇదిగో ఉత్తరం. ఇదిగో నొక్కుతున్నా."

నొక్కాడు. ఫోను చిన్నగా టింగుమంది.

"అయిపోయింది. ఇప్పుడు ఎక్కు విమానం."

జోవెలిన్ ఏడవలేదు. మట్టిలో చెంప ఆనించి అలాగే పడుంది. ఆ మొహం చూశాకే ఫెలిసాకి ఏమైందో ఏమో. వాడు ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ చెయ్యెత్తాడు. ఈసారి చేతిలో బల్ల మీంచి లాగిన కత్తి ఉంది. పొడవడానికి తీశాడో, బెదిరించడానికి తీశాడో ఆమె ఆలోచించలేదు. ఎప్పుడూ చెడే ఆలోచించే మనిషి, ఇప్పుడూ అదే ఆలోచించింది. కిందపడ్డ డబ్బా తీసి డ్రమ్ములో ముంచి, కత్తి పట్టిన ఆ చేతి మీద పోసేసింది.

ఎల్మెర్ అరుపు పంది అరుపు కంటే పెద్దగా వచ్చింది. కత్తి జారిపోయింది. చెయ్యి పట్టుకుని వాడు గుండ్రంగా తిరిగాడు. "అమ్మా! అమ్మా! ఏం చేశావే అమ్మా!"

చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే ఇలాగే పిలిచేవాడు. ఫెలిసా కాళ్ళు వాడి వైపు కదలబోయాయి. కదలనివ్వకుండా ఆమె కోడలి చంకలో చెయ్యి వేసి లేపింది.

"కొన్సింగూ, వ్యాను తియ్యి!"

వ్యాను మట్టిదారి దాటి పెద్ద రోడ్డు ఎక్కింది. కొన్సింగ్ ఏడుస్తూ నడుపుతోంది. "నా నోరు పడిపోను. నా నోట్లో పురుగులు పడ. నాకెవరూ చెప్పలేదే వదినా!"

"నీ తప్పు కాదు," అంది ఫెలిసా. "నా సిగ్గు. నా సిగ్గే దీన్ని కొట్టించింది."

జోవెలిన్ కండువాతో పెదవి ఒత్తుకుంది. ముందు పన్ను ఒకటి ఊగుతోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్క పట్టుకుంటోంది. "ముందు ఆసుపత్రికి పోదాం," అంది ఫెలిసా. "ఊపిరితిత్తికి ఎముక గుచ్చుకుని ఉంటే? విమానంలో ఊపిరాడక..."

"విమానానికే అత్తయ్యా. ఆసుపత్రి అక్కడా ఉంది. మికా ఉన్నదే." కాస్త ఆగి, "తిరిగి రానివ్వరు కదూ?" అంది.

అప్పుడు కొన్సింగ్ ముక్కు చీదుకుని అంది: "మా అన్న కూతురికి ఇలాగే జరిగింది. పూచీ పెట్టినవాడే కొట్టి గెంటేశాడు. అది పోలీసులకి చెప్పింది. కొట్టినట్టు వాళ్ళ దగ్గర రాసుకున్నాక, అలాంటి ఆడవాళ్ళకి వేరే దారి ఉందని లాయరు ఉండనిచ్చే కాగితం తెప్పించాడు. అది దేశం దాటలేదనుకో. దాటినవాళ్ళకి ఇస్తారో లేదో నాకు తెలీదు. అసలు పోలీసులకే చెప్పకపోతే ఏమీ లేదు."

"పోలీసులకి చెప్తూ కూచుంటే విమానం పోతుంది," అంది జోవెలిన్.

ఫెలిసా కిటికీలోంచి బయటికి చూసింది. కళ్ళముందు వాడి చెయ్యే కనపడింది, తోలు తెల్లగా ఉబ్బిపోయి. ఆ చెయ్యితోనే కదా ముద్ద తినాలి వాడు. ఎవరు కలిపి పెడతారు?

విమానాశ్రయంలో జోవెలిన్ మొహం చూసి టికెట్ల అమ్మాయి ఎవరికో ఫోను చేసింది. ఇద్దరు పోలీసులు వచ్చారు. అందులో ఆడమనిషి జోవెలిన్ ముందు వంగి మెత్తగా అడిగింది, "ఎవరు చేశారమ్మా ఇది?"

జోవెలిన్ గడియారం వైపు చూసింది. లోపలికి పోయే వరస కదులుతోంది. "పడ్డాను," అంది.

ఫెలిసాకి అర్థమైంది. నిజం చెప్తే విమానం పోతుందని అబద్ధం చెప్తోంది. ఆ అబద్ధం రాసుకుంటే తిరిగి వచ్చే ఆ కాస్త ఆశా పోతుంది.

"పడలేదు," అంది ఫెలిసా. ఆమెకి ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగానే వచ్చు. "నా కొడుకు. కొట్టాడు. తన్నాడు. నేను చూశాను. ఇదిగో నన్ను కూడా." తన చెంప చూపించింది. "ఇవాళే కాదు. చాలాసార్లు. గోడకి అవతల నించి విన్నాను. నేను వాడి మీద వేడినీళ్ళు పోశాను, అది కూడా రాసుకోండి. అన్నీ నన్ను అడగండి. దీన్ని పోనివ్వండి, దీని కూతురు చచ్చిపోతోంది."

"అత్తయ్యా, వద్దు," అంది జోవెలిన్. "జైల్లో పెడతారు వాణ్ణి. నిన్నూ పెడతారు."

"నోరు ముయ్యి. ఫొటోలు తీయించుకో."

పోలీసామె గోడ దగ్గర నించోబెట్టి పెదవీ, మెడా, మణికట్టూ, పక్కటెముకల మీద బూటు గుర్తూ ఫొటోలు తీసింది. డాక్టరుకి చూపిద్దామంది, జోవెలిన్ తల అడ్డంగా ఊపింది. మాటలు రెండు రాయించుకుని సంతకం పెట్టించుకుని వదిలింది. ఫెలిసా నడుముకి కట్టిన గుడ్డ విప్పి పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. కొన్సింగ్ మూటలు ఇవ్వబోయి సిగ్గుపడి వెనక్కి తీసుకుంది.

"ఇవ్వు పిన్నీ," అంది జోవెలిన్ వాచిన పెదవితో. "మీ చెల్లెలు ఎదురుచూస్తుంటుంది."

వెనక్కి తిరిగి చూడకుండా, పక్క పట్టుకుని, వంగి వంగి నడుస్తూ లోపలికి పోయింది.

పోలీసు కారు వెనక సీట్లో కూచుంది ఫెలిసా. ఎముక విరిగి ఉంటే, విమానం పడిపోతే, వెళ్ళేలోపే పిల్ల పోతే అని ఒకదాని మీద ఒకటి వస్తూనే ఉన్నాయి. పక్కన పోలీసామె మొదటి నించీ చెప్పమంటోంది. అప్పుడు ఫోను మోగింది. ఎల్మెర్.

పోలీసామె ఎత్తమని సైగ చేసింది.

"అమ్మా," అన్నాడు వాడు. ఏడుస్తున్నాడు. తాగుడంతా దిగిపోయింది. "మండుతోందే అమ్మా. బోయెట్ దింపేసి పోయాడు. కట్టు కడుతున్నారు. ఎవరూ లేరు. ఎక్కడున్నావు? రావా?"

వాడు పుట్టిన రాత్రి నించి వాడు రమ్మన్న చోటికి ఫెలిసా వెళ్ళని రోజు లేదు.

"ఏ ఆసుపత్రి నాయనా?" అంది.

వాడు చెప్పాడు. ఆమె ఫోను చెవి మీంచి తీయకుండానే, పక్కనున్న పోలీసామెకి వినపడేలా ఆ పేరు పైకి అంది.

"కదలకు. అక్కడే ఉండు. వస్తున్నాం."