నల్ల పట్టీలు

మా గిద్యోనుకు టీవీలో నల్ల పట్టీలంటే పడదు. సినిమా పెట్టగానే తెరకు పైనొకటి, కిందొకటి నల్లగా పట్టీలొచ్చి మధ్యలో బొమ్మ సన్నగా కనిపిస్తుంది చూడండి, అది చూస్తే అతనికి ఒళ్ళు మండేది. "ఇంత టీవీ కొనింది నల్లగుడ్డ చూసేదానికా?" అని రిమోట్ అందుకుని, ఏవో బటన్లు నొక్కి, బొమ్మను పెద్దది చేసి తెర నిండా పరిచేవాడు. నేనూ అతని పక్షమే. సగం విస్తరి ఖాళీగా ఉంచి అన్నం వడ్డిస్తే ఎవరికి నచ్చుతుంది? అలా తెర నింపినప్పుడు బొమ్మకు అటూ ఇటూ అంచులు తెగిపోతాయని అప్పట్లో నాకు తెలియదు. పెనంలో పట్టలేదని చేప తలా తోకా కోసి పారేసి నడుం ముక్క వేయించినట్టన్నమాట. చేపల వేటకు పోయే ఇంటి కోడలిని, తల ముక్క రుచి తెలిసినదాన్ని, నాకా సంగతి తట్టకపోవడమే విడ్డూరం.

గిద్యోను నా మరిది. నా భర్త హెబ్రోనుకు తమ్ముడు. హెబ్రోను నాలుగేళ్ళ కిందట సముద్రంలో పోయాడు. ఈ నెలాఖరుకు నాకూ గిద్యోనుకూ పెళ్ళి పెట్టుకున్నాం. అన్న పోతే తమ్ముడు దిక్కవ్వాలని బైబిలు వాక్యంలోనే ఉందని మా అత్త రెబెక్కమ్మ రెండేళ్ళుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అత్త పోరు పడలేక ఒప్పుకున్నానని ఊళ్ళో చెప్పుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, నాకూ ఇష్టమే. నా కూతురు అబిగయీలుకు జ్వరమొస్తే వాకాడు ఆసుపత్రికి భుజాన వేసుకుని పరుగెత్తినవాడు అతనే. దానికి జడ వేయడం కూడా నేర్చుకున్నాడు. అలాంటివాడిని ఎవరు కాదంటారు?

మా గుడిలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు పాస్టరు గారు ప్రకటన చదువుతారు. ఫలానా వరుడికీ ఫలానా వధువుకూ వివాహము జరగనున్నది, ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను, అని. ఎవరూ ఏమీ తెలియజేయరు. నాకు తెలిసి ఆ మాట తర్వాత గుడిలో ఒక ముసలాయన దగ్గు తప్ప ఏమీ వినబడలేదు. మాకు రెండు ప్రకటనలు అయిపోయాయి. మూడోది మిగిలింది.

ఇక ఆ సినిమా సంగతి. హెబ్రోను పోయిన రోజే మా రేవులో షూటింగు జరిగింది. ఒక్క రోజే వచ్చారు. హీరోయిన్ ఏడుస్తూ ఒడ్డున నడవాలి, వెనక పడవలూ మనుషులూ కనబడాలి. ఊరంతా పనులు మానుకుని హీరోయిన్ను చూస్తూ నిలబడింది. ఆ రోజు సముద్రం వైపు చూసినవాడు లేడు. సాయంత్రం హెబ్రోను ఒక్కడే పడవేసుకుని వెళ్ళాడన్నారు. మర్నాడు పడవ ఖాళీగా దక్షిణాన పక్క ఊరి రేవుకు చేరింది, తర్వాత మనిషీ శవమై చేరాడు. తల వెనక దెబ్బ ఉంది. పడవ అంచు తగిలి పడిపోయి ఉంటాడన్నారు. ఆ వారం అన్నదమ్ములకు మాటల్లేవు. గిద్యోను తాగుడు మానకపోతే పడవ ఎక్కనివ్వనని హెబ్రోను అందరి ముందూ అన్నాడు. అది గుర్తున్నవాళ్ళు కూడా నోరు మెదపలేదు, ఎందుకంటే గిద్యోను ఆ రోజు ఊళ్ళోనే లేడు. పొద్దున్నే ఇంజను సామాను కోసం నాయుడుపేట వెళ్ళి, రాత్రికి గానీ రాలేదు. అతనే చెప్పాడు. అత్తా చెప్పింది.

ఆ సినిమా మా వైపు థియేటర్లలో ఆడనే లేదు. తర్వాతెప్పుడో ఫోన్లలోకి వచ్చింది. ఊళ్ళో అందరూ అరచేతిలో పెట్టుకుని, చీమ తలకాయంత బొమ్మలో ఎవరి మొహం వాళ్ళు వెతుక్కున్నారు. గిద్యోను మాత్రం దాన్ని పెన్ డ్రైవ్‌లో ఎక్కించి టీవీకి తగిలించాడు. హెబ్రోను అందులో ఉన్నాడు. హీరోయిన్ వెనక వంగి తాడు చుడతాడు, భుజాన వేసుకుంటాడు, కుడివైపు నడుస్తాడు, తెర దాటిపోతాడు. అంతే. పండగకూ, అతను పోయిన దినానికీ ఆ ముక్క చూసేవాళ్ళం. "తెర నిండా పెట్టు నాయనా, నా బిడ్డ పెద్దగా కనబడాల" అని అత్త అడిగేది. గిద్యోను పట్టీలు తీసేసేవాడు. అత్త కళ్ళు తుడుచుకునేది. తల్లి ప్రేమ కదా అని నాకూ ఏడుపొచ్చేది.

శనివారం మధ్యాహ్నం కొత్త టీవీ వచ్చింది. పెళ్ళికని గిద్యోను నాయుడుపేటలో కొన్నాడు. షాపతను గోడకు బిగించి వెళ్ళిపోయాడు. గిద్యోను రేవులో వల బాగుచేసుకుంటున్నాడు, అత్త గుడిలో స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్ళింది. అబిగయీలు ఆగుతుందా? పెన్ డ్రైవ్ తెచ్చి గుచ్చింది. "నాయన్ని పెద్ద టీవీలో చూద్దామా" అంది. సినిమా మొదలైంది, పైనా కిందా నల్ల పట్టీలతో. కొత్త టీవీకి ఈ ఖర్మేంటి అని రిమోట్ తీసుకుని బటన్లు వెతుకుతున్నాను. ఈలోగా ఆ ముక్క రానే వచ్చింది.

హెబ్రోను వంగి తాడు చుట్టాడు. భుజాన వేసుకున్నాడు. కుడివైపు నడిచాడు. తెర దాటిపోయే చోటికి వచ్చాడు, దాటలేదు. ఇంకా నడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఆ అంచు దగ్గర మాయమైపోతున్న మనిషి నాకోసం ఇంకో నాలుగడుగులు వేసినట్టయింది. సంతోషంతో టీవీకి ఇంకా దగ్గరగా జరిగాను.

ఆ నాలుగడుగుల చివర మా పడవ ఉంది. పడవ పట్టుకుని ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. ఎర్ర టీషర్టు. వీపు మీద నల్ల గుడ్డ అతుకు. ఆ అతుకు వేసింది నేనే.

"అమ్మా, చిన్నాన్న గూడా ఉండాడే!" అని అబిగయీలు చప్పట్లు కొట్టింది.

ఇద్దరూ కలిసి పడవను నీళ్ళలోకి తోశారు. ఇద్దరూ ఎక్కారు. తర్వాత హీరోయిన్ మొహం తెరంతా ఆక్రమించింది.

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. పొద్దున నాయుడుపేట వెళ్ళే ముందు తోసిపెట్టి ఉంటాడేమో అని నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. నీడలు ఒప్పుకోలేదు. మా రేవులో పొద్దుటి పూట నీడ ఊరి వైపు పడుతుంది, సాయంత్రం సముద్రం వైపు పడుతుంది. ఇది మా ఇళ్ళల్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. బొమ్మలో అన్న నీడా తమ్ముడి నీడా పొడుగ్గా సాగి నీళ్ళలో పడి ఉన్నాయి. ఆ ఎర్ర టీషర్టు ఆ రోజు తర్వాత నేను ఉతికిన గుర్తు లేదు. ఏమైందని అడిగితే, చిరిగిపోతే మసిగుడ్డ చేశానని అత్త అంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేం ఏసు బిడ్డలమైనా ఆ సామెత మాకూ తగిలింది.

ఈ సంగతి ఎవరితోనూ అనొద్దని పిల్లకు చెప్పేలోపే వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

"చిన్నాన్నా! నువ్వు గూడా సినిమాలో ఉండావు!" అని అది ఎదురు పరుగెత్తింది.

గిద్యోను మొహం ఒక్క క్షణం దొంగకు తేలు కుట్టినట్టయింది. అరవలేడు, ఊరుకోలేడు. తర్వాత నవ్వాడు. పిల్లను ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"అట్నా? యాడ?"

"ఆ అంచున. నాయనా నువ్వూ పడవ ఎక్కినారు."

"ఎవురెవురికి చెప్పినావు?"

"అమ్మ చూసింది. ఇంకెవురికీ చెప్పలా."

నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. "దాని మాటలు నమ్మబాకు గిద్యోనూ. ఎర్ర గుడ్డ కనబడితే నువ్వే అంటాది" అన్నాను.

"లేదు వదినా. కండ్లు మంచియి పిల్లకి" అన్నాడు. దాని జడ సవరిస్తూ, "రేపు గుడి అయినాక పడవెక్కిస్తా. ఎప్పుట్నించో అడగతా ఉండావు గదా" అన్నాడు.

"ఎండకు వద్దులే."

"ఎండ ఏం చేస్తాది వదినా, రేవులో పుట్టిన పిల్లని." అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. "నువ్వు గూడా రా. ముగ్గరం పోదాం."

తర్వాత కొత్త రిమోట్ తీసుకుని, కావలసిన బటన్ దొరికేదాకా ఓపిగ్గా వెతికాడు. పట్టీలు పోయాయి. తెర నిండింది. హెబ్రోను తాడు భుజాన వేసుకుని మళ్ళీ అంచు దాటి వెళ్ళిపోయాడు. గిద్యోను టీవీ కట్టేసి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

నాకు భయమేసింది. అలాంటి భయం తుఫానుకు కూడా నేనెరగను. తుఫాను వస్తే బడిలోకి పోయి తలదాచుకుంటాం. ఇది ఇంట్లోనే కూర్చుని, చేపల పులుసు బాగుందని మెచ్చుకుంటూ అన్నం తింటోంది. పోలీసులకు ఫోన్ చేద్దామా అనుకున్నాను. ఏమని చెప్పను, సినిమాలో చూశానని చెప్పనా? నవ్వి పెట్టేస్తారు. అత్తకు చెబుదామని నోటిదాకా వచ్చింది. ఒక కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఉన్న కొడుకు గురించి ఎలా చెప్పేది? పిల్లను నా కొంగులో చుట్టుకుని పడుకున్నాను, కన్ను మూయలేదు. గుమ్మానికి అడ్డంగా అత్త పడుకుంది. ఆమె ఉందన్న ధైర్యంతోనే తెల్లవార్చాను.

పొద్దున లేచి చూస్తే టీవీకి పెన్ డ్రైవ్ లేదు. పెన్ డ్రైవ్ తీసేస్తే ఫోన్లలో ఉన్న సినిమా పోతుందా? ఆ మాత్రం అతనికీ తెలుసు. తను తీశాడని నాకు తెలియాలనే తీశాడు.

గుడికి నలుగురం కలిసే వెళ్ళాం. మామూలుగా అబిగయీలు నా పక్కన చాప మీద కూర్చుంటుంది. ఆ రోజు గిద్యోను దాని చెయ్యి వదలలేదు. మగవాళ్ళ వైపు తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుని, భుజం మీద చెయ్యి వేశాడు. పడవ ఎక్కబోతున్నానని అది అందరికీ నవ్వుతూ చెబుతోంది. పాటలు పాడారు. పాస్టరు సంజీవరావు గారు ప్రసంగం ముగించి కళ్ళజోడు సర్దుకున్నారు.

"గిద్యోను అను వరునికిని, మెర్లిన్ అను వధువునకును వివాహము జరుగనున్నది. ఇది మూడవ ప్రకటన. ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను."

నేను లేచాను. ముసుగు జారింది. బయటికి పోవడానికి లేచిందనుకుని పక్కనున్నవాళ్ళు దారిచ్చారు. పాస్టరు గారు కాగితం మడత పెట్టబోతూ ఆగారు.

వెనక నుంచి నా కొంగు ఎవరో పట్టి లాగారు. తిరిగి చూస్తే అత్త. తల ఎత్తలేదు. ప్రార్థన చేసుకుంటున్నట్టు నేల వైపు చూస్తూనే చిన్నగా అంది.

"కూచో మెర్లినా."

"అత్తా, నీకు తెలీదు. ఆ రోజు..."

"నాకు తెల్సు. ఆ రాత్రి వాని తడిగుడ్డలు కాల్చింది నేనే." పిడికిలి ఇంకా బిగించింది. "తోసినాడో, పెద్దోడే జారినాడో, నేను అడగలా. అడిగితే రెండో బిడ్డ గూడా పోతాడు గదా. నువ్వు వాని పెండ్లామైతే నువ్వూ అడగవు. కూచో తల్లీ. ఒక కొడుకునన్నా మిగలనీ."

తెర నిండా పెట్టు నాయనా అని ఆమె ఎందుకడిగేదో అప్పుడర్థమైంది. గుమ్మానికి అడ్డంగా పడుకుంది నన్ను గడప దాటనివ్వకుండా ఉండటానికని కూడా. ఆమె మీద కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఆ రెంటికంటే ముందు నా ఒక్కగానొక్క పిల్ల భుజం మీద ఉన్న ఆ చెయ్యి కనిపించింది.

"అయ్యగారూ, అభ్యంతరం ఉంది" అన్నాను. "నాదే."

ముసలాయన కూడా దగ్గలేదు.

"మా ఆయన పోయిన రోజు ఈయన నాయుడుపేటలో లేడు. సాయంత్రం అదే పడవ ఎక్కినాడు. అందరి ఫోన్లలో ఆ సినిమా ఉంది. తీసి చూడండి. పెద్దది చెయ్యబాకండి, పట్టీలు ఉండనీండి. కుడి అంచున చూడండి."

మగవాళ్ళు ఒక్కొక్కరే జేబుల్లోంచి ఫోన్లు తీశారు. గిద్యోను ఎవరి వైపూ చూడలేదు, వాళ్ళమ్మ వైపే చూస్తున్నాడు.

"అబీ, ఇట్లా రా" అని పిలిచాను.

అది ఏమీ అర్థంకాక అతని మొహంలోకి చూసింది. భుజం మీద చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆ చెయ్యి లేచింది. పిల్ల అందరి కాళ్ళ మధ్య నుంచీ దారి చేసుకుంటూ నా దగ్గరికి వచ్చి నడుం చుట్టూ చేతులు వేసింది. దాన్ని పట్టుకుని బయటికి నడవబోయాను, కదల్లేకపోయాను. నా కొంగు ఇంకా అత్త పిడికిట్లోనే ఉంది.